జానెడు మీద బెత్తెడు

మా మేనత్త పోయిందని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. దాన్ని మ్యూట్‌లో పెట్టి ఫోన్ ఎత్తాను. నర్సు చాలా మర్యాదగా, నా జర్మన్ మీద నమ్మకం లేనట్టు ఒకే మాటను రెండుసార్లు చెప్పింది. కాలి పుండు విషమై రక్తంలోకి ఎక్కిందట, మందులకు లొంగలేదట. అది మార్చి మొదటి వారం. మోకాలి కింద కాలు తీసేస్తే బతుకుతుందని డాక్టర్లు చలికాలమంతా చెబుతూనే ఉన్నారు. ఆవిడ తీయనివ్వలేదు. పంతం నెగ్గించుకుంది. రెండు వేళ్ళు తక్కువైనా, రెండు కాళ్ళతోనే వెళ్ళిపోయింది.

జగిత్యాలలో ఉన్న మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నాన్నకు పెద్దక్క. "ఆఖరుకు ఎవర్ని తిట్టింది బిడ్డా?" అని అడిగాడు.

"నన్నే."

"అయితే తెలివి మీదనే పోయింది," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ గ్రూపు నిండా దండాలూ దీపాలూ వచ్చాయి. బంగారం లాంటి మనిషి అని ఒకరు, మాకందరికీ అమ్మ లాంటిది అని ఒకరు. ఆ రాసినవాళ్ళలో ఆవిడ నోట మాటలు పడనివాళ్ళు ఒక్కరు లేరు. అమ్మ లాంటిదని రాసినావిడ ఒకప్పుడు కేక్ చేసి తెస్తే, ఒక ముక్క తిని, "దీంతోని గోడ కట్టొచ్చు, మీ ఆయన ఇల్లు కొంటుండంట గదా," అంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. చెప్పడానికి చాలా ఉంది. కానీ ఆవిడను బంగారం చేస్తే మాత్రం నా నోరు కుళ్ళిపోతుంది. ఆవిడ ఉక్కు. తుప్పు పట్టినా కోసే రకం.

మామయ్య ఉద్యోగం మీద జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గరికి వచ్చింది నేను పుట్టకముందు. పిల్లలు కలగలేదు. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఎస్-బాన్ రైలు స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, వరసగా అతికించినట్టుండే ఇళ్ళలో చివరి ఇల్లు ఆవిడది. ముందు చాప పరిచినంత జాగా. నేను చదువు ముగించి బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగంలో చేరాక, కరోనాకు ముందటి శరదృతువులో, పెట్టెలతో ఆ ఇంటి గుమ్మం ముందు దిగాను. తలుపు తీసి పైనుంచి కిందికి చూసి, "మీ నాయన ముక్కే వచ్చింది, పాపం," అని పక్కకు జరిగింది. అదే స్వాగతం. నా మొదటి జీతం అంకె విని, "జీతం యూరోలల్ల, తెలివి పైసలల్ల," అంది. అది నాకు ముద్దుపేరులా ఖాయమైపోయింది.

ఆ నవంబరులోనే ఇంటి ముందు ఒక పాత దేవదారు ఎండిపోతే కొట్టించింది. ఆ చోట చిన్న చెట్టు పెట్టాలంది. నేను ఫోన్‌లో మగ్నోలియాలూ, జపాన్ చెర్రీలూ చూపించాను. చూడను కూడా చూడలేదు. నర్సరీకి తీసుకెళ్ళి నేరుగా ఒక ముళ్ళ మొక్క దగ్గర నిలబడింది. నా ఎత్తు ఉంది. ఆకులన్నీ రాలిపోయి, అంగుళం పొడవు ముళ్ళతో ఒక పుల్ల. ఇంగ్లీషులో హాథార్న్ అంటారు. ఎర్రపూల రకాన్ని ఇక్కడివాళ్ళు రోట్‌డోర్న్ అంటారు, ఎర్రముల్లు అని. పెద్దగా పెరగదు, ఇంటి ముందు ఇరుకు జాగాలో ఇమిడిపోతుంది, ఏ మట్టయినా సర్దుకుంటుంది, చలికి బెదరదు, మే నెలలో ముద్ద గులాబీల్లాంటి చిన్న చిన్న గుత్తులు పూస్తుంది. ఇదంతా నర్సరీ మనిషి చెప్పాడు. మా అత్త ఎంచుకున్నది మాత్రం ముళ్ళ కోసం.

నాన్న ఫోన్‌లో గగ్గోలు పెట్టాడు. "అక్కా, ముండ్ల చెట్టు ఇంటి ముంగట పెట్టద్దంటరే. ఇంట్ల పంచాయితీలు అయితయంట."

"ఇంట్ల నేనున్నంక ఇంక కొత్తగ పంచాయితీలేందిరా? పిల్లల్లేని ముండమోపి ముంగటికి మల్లెతీగె వస్తదా? ముండ్ల చెట్టని ఊరందరు నన్ను అన్న మాటనే గద. నేనే నాటుకుంటున్న."

ఊళ్ళో శుభకార్యాలకు ఆవిడను వెనక వరసలో కూర్చోబెట్టిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాటను ఆవిడ ఎవరి మీదా రుద్దలేదు. గుంత తవ్వి దాంట్లో నాటింది.

నాటిన మర్నాడు నేను ఒక ఘనకార్యం చేశాను. ఆవిడ దుకాణానికి వెళ్ళి వచ్చేలోపు మొక్క చుట్టూ చక్కగా పాదు చేశాను. ఎండల దేశంలో పెరిగినదాన్ని; చెట్టు నాటితే చుట్టూ గట్టు కట్టాలి, పోసిన నీళ్ళు పారిపోకుండా నిలవాలి, నాకు తెలిసిన తోటపని అంతే. మిగిలిన మట్టిని మొదలుకు కూడా ఎగదోసి అదిమాను. పక్కింటాయన, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన, కంచె మీదుగా చూసి, "చెట్టుకు స్నానాల తొట్టి కట్టావా?" అని అడిగాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే చూస్తే మొక్క చెరువు మధ్యలో నిలబడి ఉంది. ఇక్కడి బంకమట్టి నీళ్ళు పీల్చదు. నిలిచిన ఆ నీరు గడ్డకడితే వేళ్ళు చచ్చిపోతాయి.

మా అత్త వచ్చి, కాలితో గట్టును తన్ని చదును చేసింది. మొదలుకు నేను ఎగదోసిన మట్టిని వేళ్ళతో గీకి, అంటు కట్టిన కణుపు బయటికి కనిపించేదాకా తీసింది. "ఈ ముడి మునిగితే అడవి కొమ్మలు పుట్టి అసలు చెట్టును మింగుతయి. ఇది జగిత్యాల కాదే. ఈడ చెట్టుకు దూప కాదు, నీళ్ళే గండం. ఒక మొక్కను ప్రేమతోని సంపాల్నంటే నిన్ను పిలవాలె," అంది. ఏడుపొచ్చింది నాకు. ఏడ్చాను కూడా. ఆవిడ చేతులు కడుక్కుని టీ పెట్టుకుంది, ఒక్క కప్పు.

అప్పుడు గమనించాను, గట్టు తన్నిన ఆ కాలికి చెప్పు లేదు. నవంబరు బురదలో ఉత్తకాళ్ళు. పూజలూ ఉపవాసాలూ ఏమీ చేయని మనిషి, పండగంటే ఏ పండగ అని అడిగే మనిషి, ఈ ఒక్క ఆచారం మాత్రం వదల్లేదు. చెట్టు మొదట్లో చెప్పులతో నిలబడకూడదు. వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, తులసికి నీళ్ళు పోసేటప్పుడు చెప్పిందట. తులసి ఇక్కడ చలికి చచ్చిపోయింది, ఆచారం బతికింది. దాన్ని తెచ్చి ముళ్ళ చెట్టుకు కట్టింది. ఆవిడకు షుగర్ ముదిరి, పాదాలకు స్పర్శ పోయి అప్పటికే కొన్నేళ్ళు. పక్కింటాయన కంచె అవతలి నుంచి, "చెప్పులు! అది ముళ్ళ చెట్టు!" అని అరిచేవాడు. ఆవిడ జర్మన్‌లో జవాబు చెప్పేది. "నా కాళ్ళు నావి, మీ కంచె మీది. ఎవరిది వాళ్ళు చూసుకుందాం."

లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏప్రిల్‌లో వాన చుక్క లేదు. ఇప్పుడు నీళ్ళు పోయాలంది. వారానికి రెండుసార్లు, నెమ్మదిగా, మట్టి లోపలిదాకా తడిసేలా. రోజూ పైపైన చల్లితే వేళ్ళు పైకే వస్తాయట, సోమరిపోతులవుతాయట. "నీ లెక్క," అని కలిపేది. నా ఆఫీసు కంప్యూటరు వంటగది బల్ల మీదికి వచ్చింది. నాకు నిశ్చయమైన పెళ్ళి ఆ వేసవిలోనే, ఫోన్‌లోనే, అటువైపు వాళ్ళు వద్దనుకోవడంతో తప్పిపోయింది. వారం రోజులు మంచం దిగలేదు. మా అత్త గుమ్మంలో నిలబడి, "మంచిదైంది. ఆడు వీడియో కాల్‌ల కూడ ఆవులిస్తుండె. లే, చెట్టు దూపకొచ్చింది," అంది. అంతకంటే ఓదార్పు దొరకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, అంతకంటే నిజమైన మాట కూడా ఎవరూ చెప్పలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ ఏడాదే నా వీసా గడువు దగ్గరపడింది. విదేశీయుల కార్యాలయం మూతపడింది, టెర్మిన్, అంటే వెళ్ళి కలవడానికి సమయం, దొరకలేదు, ఈమెయిలుకు జవాబు లేదు. గడువు దాటితే ఉద్యోగం పోతుంది. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటే, మా అత్త ఫోన్ లాక్కుని రోజూ పొద్దున కార్యాలయం తెరిచే వేళకు మొదలుపెట్టేది. ఎత్తినవాళ్ళను వదిలేది కాదు. మధ్యలో ఫోన్‌ను అరచేత్తో మూసి నన్ను తిట్టేది. "ఇంత సదువు సదివి ఒక మాట అడగరాదు. నోరా, మూతిబిగించిన సంచా?" ఎన్ని రోజులకో ఒకరోజు టెర్మిన్ తేదీ చీటీ మీద రాసి నా పళ్ళెం పక్కన పడేసింది. నేను థాంక్స్ అంటే, "అన్నం సల్లారుతుంది," అంది. ఈ దేశంలో నేను ఇవాళ ఉన్నానంటే ఆ నోటి వల్లనే.

ఆ మరుసటి ఫిబ్రవరిలో, కొమ్మలు నిద్రలో ఉండగానే, కత్తిరించడం నేర్పింది. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, లోపలికి పెరిగేవి, అంటు ముడి కింద నుంచి పుట్టేవి, అన్నీ తీసేయాలి. నేను కత్తెర పట్టుకుని ప్రతి కొమ్మ దగ్గరా తటపటాయించేదాన్ని. "జాలి పడితే కొమ్మ దక్కది, చెట్టు దక్కది. కొయ్యి," అనేది. మే నెలలో ఆ చెట్టు పూసింది. ఆకు కనిపించకుండా, కొమ్మ కొమ్మకూ ఎర్ర గుత్తులు. దారిన పోయేవాళ్ళు మాస్కులతో ఆగి ఫొటోలు తీసుకునేవారు. ఆవిడ కిటికీ తీసి, "ముట్టుకోకండి, ముళ్ళున్నాయి," అని హెచ్చరించేది. ముఖంలో మాత్రం గర్వం దాగేది కాదు.

ఆ పూల మధ్యనే మా చిన్నాన్న పోయాడు. రెండో వేవ్. ఆవిడ చిన్న తమ్ముడు, చంకనేసుకుని పెంచిన పిల్లవాడు. నాలుగు రోజులు ఆక్సిజన్ కోసం ఇక్కడినుంచి అందరికీ ఫోన్లు చేశాం. దొరికేసరికి మనిషి లేడు. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాం. ముఖం కూడా కనిపించలేదు, ఒక నీలం సంచి, అంతే. నేను గొంతెత్తి ఏడిస్తే, మా అత్త నా వైపు చూసి, "ఏడిస్తే ఊపిరి వస్తదానే ఆనికి? బందుపెట్టు," అంది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, బయటికి వెళ్ళి, రాలిన రెక్కలు ఊడ్చింది. ఊడ్చినచోటే మళ్ళీ మళ్ళీ ఊడ్చింది. చీకటి పడేదాకా లోపలికి రాలేదు. ఆ పూట ఆవిడను నేను అసహ్యించుకున్నాను. కంచె అవతల పక్కింటాయన టోపీ తీసి నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాకే నాకు అర్థమైంది, ఆవిడ అక్కడ ఒంటరిగా ఏం చేస్తోందో.

జూన్‌లో చెట్టుకు తెగులు సోకింది. ఒక కొమ్మ చివర పూలూ ఆకులూ నిప్పు తగిలినట్టు మాడి, కొన చేతికర్ర పిడిలా వంగింది. నేను నీళ్ళు చాలలేదేమో అనుకున్నాను. పక్కింటాయన చూసి ముఖం మాడ్చుకున్నాడు. నిప్పుతెగులు అన్నాడు. పూలు తెరిచి ఉన్నప్పుడు తడీ వెచ్చదనమూ కలిస్తే వాటిలోంచే లోపలికి దిగుతుందట. ఆపిల్ చెట్లకూ అంటుకుంటుందట, ఆయనకు రెండున్నాయి. "మొదలంటా కొట్టేయండి. అదే మంచిది," అన్నాడు.

"నా చెట్టు నేను కోసుకుంటాను," అంది మా అత్త.

పొడి రోజు చూసి మొదలుపెట్టింది. ఒక సీసాలో స్పిరిట్, ఒక రంపం, ఒక గుడ్డ. ప్రతి కోతకూ రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి. నేను మాడినచోటికి కొంచెం కిందగా రంపం పెట్టాను. చేతి మీద చరిచింది.

"గాడ కాదు. కంటికి కనవడేది మాడిన కాడికే. రోగం అప్పటికే కిందికి దిగి ఉంటది. జానెడు కిందికి కొయ్యాలె."

జానెడు కొలిచి చూపించాను. నా చేయి చిన్నది.

"నీది పిట్ట జానెడు. మీద బెత్తెడు ఏస్కో."

నా జానెడు పక్కన ఆవిడ నాలుగు వేళ్ళు ఆనించి, అక్కడ గోటితో గీత గీసింది. కోసిన ప్రతిసారీ తెగిన ముఖాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసేది. తెల్లగా ఉంటే బతికినట్టు. గోధుమ రంగు మరక ఉంటే ఇంకా కిందికి. అలా కోసుకుంటూ కోసుకుంటూ వచ్చేసరికి చెట్టులో సగం పోయింది. ఒకవైపు మాత్రమే కొమ్మలు మిగిలి, చెయ్యి తెగిన మనిషిలా ఉంది. పచ్చగా, ఏ రోగమూ కనపడని కొమ్మలు కూడా కోసింది. ఆవిడ కళ్ళలో తడి లేదు. ముక్కలన్నీ సంచుల్లో కట్టి చెత్తడబ్బాలో వేయించింది.

ఆ ముక్కల మధ్య, ఎప్పటిలాగే ఉత్తకాళ్ళతో నడిచింది. ముల్లు ఎప్పుడు దిగిందో ఆవిడకు తెలియనే తెలియదు. కొన్ని రోజుల తర్వాత వంటగది తెల్లటి టైల్స్ మీద చిన్న చిన్న ఎర్రటి మచ్చలు చూశాను. టమాటా అనుకుని తుడిచాను. మర్నాడు మళ్ళీ ఉన్నాయి, వంటగది నుంచి ఆవిడ మంచం దాకా. కూర్చోబెట్టి పాదం తిప్పి చూస్తే, చిటికెన వేలి మొదట్లో ముల్లు లోపలే విరిగి, చుట్టూ నల్లబడి ఉంది. వాసన కూడా వస్తోంది.

"నొప్పి లేదా అత్తా?"

"ఉంటే నీకు చెప్పకపోదునా? నిన్ను తిట్టే మోక ఇడుస్తనా?"

డాక్టరు ముల్లు తీశాడు, మందులిచ్చాడు. పుండు మానలేదు. ఎండాకాలం పోయి శరదృతువు వచ్చేసరికి చిటికెన వేలు తీశారు. తర్వాత దాని పక్కది. ఆస్పత్రిలో మంచాలన్నీ కరోనావాళ్ళకు పోయి, ఆపరేషను తేదీ రెండుసార్లు వాయిదా పడింది. ఆ పాదానికి సరిపడేలా ఒక జత బూట్లు కొలతలు తీసి కుట్టించారు, మందపాటి అడుగుతో, లోపల మెత్త పెట్టి. వాటిని చూసి, "ఏనుగుకు కుట్టిన్రా?" అని గుమ్మం పక్కన పడేసింది. ఒక్కసారీ తొడగలేదు.

క్రిస్మస్‌కు ముందు సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. నలుపు పాదం దాటి పైకి ఎక్కుతోంది. ఇప్పుడు మోకాలి కింద తీసేస్తే ప్రాణం దక్కుతుంది, ఆలస్యమైతే చెప్పలేం. మా అత్త శ్రద్ధగా వింది. "ఇంకో వేలు తీసుకోండి," అంది బేరమాడినట్టు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అయితే మేం ఇంటికి పోతాం," అని లేచింది.

ఆ రాత్రి మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. నేను ఆవిడ మీద అరవడం అదే మొదటిసారి.

"కంటికి కనపడేదాని కన్నా జానెడు కిందికి కొయ్యాలె అన్నది నువ్వే కదత్తా? జాలి పడితే కొమ్మ దక్కది, చెట్టు దక్కది అన్నవు. చెట్టుకొక న్యాయం, నీకొక న్యాయమా?"

కట్టు కట్టిన కాలును కుర్చీ మీంచి కిందికి దించింది.

"చెట్టు నడుస్తదానే?"

నేను ఆ కట్టు వైపే చూశాను.

"చెట్టు పెట్టిన కాడ్నే ఉంటది. దానికి కొమ్మ పోతే ఇంకో కొమ్మ. నేను పెట్టిన కాడ ఉండలేకనే ఈ దేశమొచ్చిన. ఎవలో ఎత్తి కూసోబెడితే కూసోని, ఎవలో నీళ్ళు పోస్తే తాగుడు, గది నాతోని గాదు. నువ్వు నన్ను ఎత్తుకొని తిప్పుతవా? పదేండ్లు? నీకు లగ్గం గావొద్దా? పో, పండుకో."

"ఎత్తుకుంట," అన్నాను. నిజంగానే అన్నాను.

"పిట్ట జానెడు దానివి, నన్నెత్తుతవా!" అని నవ్వింది. ఎగతాళి చేయకుండా ఆవిడ నవ్విన నవ్వు నేను చూసింది అదొక్కటే. నాన్నతో చెప్పించాను. నాన్న ఫోన్‌లో కాళ్ళావేళ్ళా పడ్డాడు. పక్కింటాయన కూడా కంచె దాటి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని బతిమాలాడు. అందరినీ తిట్టి పంపింది. చెట్టు విషయంలో పిడికెడు దయ చూపని మనిషి, తన కాలు మీద మాత్రం జాలిపడింది. అంత తెలిసిన మనిషి. నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపం తగ్గలేదు. నివాళి రాసేటప్పుడు కోపం ఉండకూడదంటే, నేను ఈ పనికి తగను.

ఫిబ్రవరి చివర జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అప్పటికి కాలు తీసినా లాభం లేదన్నారు. రోజుకు ఒకరే, ఒక్క గంటే, అదీ ముక్కులో పుల్ల పెట్టించుకుని నెగెటివ్ కాగితం చూపిస్తేనే లోపలికి పంపేవారు. ఆఖరి రోజు ముందు సాయంత్రం వెళ్తే, కళ్ళు సగం తెరిచి, "కోసినవా?" అని అడిగింది. ఫిబ్రవరి కత్తిరింపు గురించి.

"కోసిన అత్తా."

"తెల్లగ ఉన్నదా?"

"తెల్లగనే ఉంది."

"అయితే నీకీడ ఏం పని? ఇంటికి పో. జీతం యూరోలల్ల..." అంది. మిగతా సగం అనలేదు. అలిసిపోయి కళ్ళు మూసుకుంది. నాన్నకు నేను చెప్పిన ఆఖరి తిట్టు అదే.

దహనానికి నేనూ, పక్కింటాయనా, మరో ముగ్గురూ ఉన్నాం. అక్కడ ఎవరూ ఆవిడ గురించి ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటుందో అందరికీ తెలుసు.

ఈ మే నెలలో చెట్టు మళ్ళీ పూసింది. ఒకవైపే ఉంది కదా, ఉన్న కొమ్మలకే బరువంతా. దారిన పోయేవాళ్ళు మళ్ళీ ఆగారు. కిటికీ తెరిచి హెచ్చరించేవాళ్ళు లేరు. మొన్న శనివారం పొద్దున కాఫీ పట్టుకుని నిలబడి చూస్తుంటే, అన్నిటికంటే నిండుగా పూసిన కొమ్మ చివర, గుత్తుల మధ్య, ఒక చిగురు మాడి, చేతికర్ర పిడిలా వంగి కనిపించింది.

కాఫీ అక్కడే పెట్టేశాను. స్పిరిట్ సీసా, రంపం, గుడ్డ తీసుకున్నాను. గుమ్మం దగ్గర ఆగాను. ఉత్తకాళ్ళతో దిగితే ఆవిడ ఆచారం నిలబెట్టినట్టు. పక్కన ఆవిడ బూట్లు ఉన్నాయి, ఒక్కసారీ తొడగనివి. వాటిలో కాళ్ళు పెట్టాను. నాకు పెద్దవి. అలాగే ఈడ్చుకుంటూ మట్టిలోకి దిగి, చెట్టు మొదట్లో నిలబడ్డాను.

మాడింది వేలెడంత. దాని కింద నుంచి జానెడు కొలిచాను. నా పిట్ట జానెడు. దాని మీద బెత్తెడు వేసుకున్నాను. అక్కడికి కోస్తే ఆ కొమ్మ మీద పూలన్నీ పోతాయి. పక్కింటాయన తన ఆపిల్ చెట్ల దగ్గర నుంచి చూస్తున్నాడు. రంపం తుడిచి, అక్కడ ఆనించి కోశాను. కొమ్మ తెగి, నిండా పూలతో, నా కాళ్ళ మీద పడింది.

దాన్ని ఎత్తి, తెగిన ముఖాన్ని వేలితో తుడిచి, ఆవిడలాగే కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. తెల్లగా ఉంది. ఎక్కడా మరక లేదు. జానెడు మీద బెత్తెడు సరిపోయింది.

అప్పుడు ఏడుపొచ్చింది. బందుపెట్టమనేవాళ్ళు లేరు కాబట్టి చాలాసేపు ఏడ్చాను. తల వంచుకుని చూస్తే, ఆవిడ నడవని ఆ బూట్ల మీద ఎర్ర రెక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.